భారన్యాసము – దేహధర్మము

పరిగి పరిసరముల భక్తులు అనంతగిరి నెక్కి పద్మనాభస్వామిని దర్శించునపుడు, మోకాళ్ళు నొచ్చిన పెద్దలు “స్వామీ! ఈ దేహభారము దింపవయ్యా” అని వేడుకొనుట సహజము. కాని భారము నిజముగా మనకు శత్రువేనా?

రోదసిలో తిరుగు కేంద్రమున దేహమునకు బరువు తెలియదు. అచట తుంటి యెముకలు నెలకు నూటికి 1 నుండి 1.5 వంతుల సారమును కోల్పోవును; కాళ్ళ కండరములు, వెన్ను కండరములు కృశించును. ఎముక తనపై పడు భారమును బట్టియే బలపడును. భారము తొలగినచో పాతది కరుగుచుండును, క్రొత్తది తగినంతగా ఏర్పడదు. తండ్రి హైదరాబాదు నుండి అమెరికా వెళ్ళగా అచట జన్మించిన రాజాచారి 2021 నవంబరు నుండి 2022 మే వరకు రోదసిలో నివసించెను. అట్టివారు అచట దినమునకు సుమారు 2 గంటలు వ్యాయామము చేయుదురు.

భూమిపై నెలల తరబడి మంచము పట్టినవారికిని ఇట్టి క్షయమే కలుగును. “అమ్మా, నీవు కదలవద్దు” అని తల్లిని ప్రేమతో కూర్చుండబెట్టు బిడ్డలు దీనిని గమనింపవలెను.

మరి భారన్యాసమనగా నేమి? రక్షణభారమును, ఫలమును స్వామికి అప్పగించుట. శరణన్న అర్జునుడు జారవిడిచిన గాండీవమును మరల చేపట్టెను గదా! అశక్తులకు దోషము లేదు. శక్తి గలవారు తులసికి నీరు మోయుట, కోవెలకు నడచుట, ప్రదక్షిణము చేయుట మానరాదు. స్వామి యిచ్చిన దేహమును కాపాడుకొనుటయు కైంకర్యమే.