పూర్ణహృదయారాధనము

దేవుని వెదకుచున్నామని చెప్పువారికి లోకమున కొదవ లేదు. వెదకుచున్నది దేవునినా, దేవుని చేతనున్న దానినా యని తమ్ము దాము ప్రశ్నించుకొనువారు మాత్రము కొలదిమందియే. ఈ ప్రశ్న యే యొక్క మతమువారిదో కాదు. అయినను క్రైస్తవజీవనమున నిది యెట్లుండునో, మే మెఱిగినంతవఱకు విచారింప దలచితిమి.

మే ముండునది నాచారము. హైదరాబాదునకు తూర్పున నాచారము, హబ్సిగూడ, ఉప్పలు ఒకదానినొకటి యొరసికొని యున్నవి. ఇచ్చట కర్మాగారములు వెలసిన పిదప నానాజిల్లాలవారు వచ్చి కాపురములు పెట్టిరి. 2017వ సంవత్సరము నవంబరు నుండి ఉప్పలు మీదుగా మెట్రోరైలు గూడ నడచుచున్నది. ఆదివారపు టుదయమున నే వీధిని బోయినను, ఏ మేడమీది గదినుండియో, ఏ రేకులకప్పు క్రిందినుండియో కీర్తన వినవచ్చుచుండును. రాత్రిపాళీ ముగించి నేరుగా వచ్చిన కార్మికుడును, ఆసుపత్రిలో బిడ్డ నుంచి వచ్చిన తల్లియు నచట నొకే చాపపై గూర్చుందురు. మనవుల వేళ రాగానే యొకరు ఉద్యోగము నడుగుదురు, ఒకరు ఆరోగ్యము నడుగుదురు, మఱియొకరు విదేశపు వీసా నడుగుదురు.

ఇది యారాధన కాదు, బేరమని చదువుకొన్నవారు పెదవి విఱుతురు. మేమును గొంతకాల మట్లే తలచితిమి. కాని భగవద్గీత యేడవ యధ్యాయమున భక్తులను నాలుగు తెగలుగా జెప్పి, ఆర్తుని, అర్థార్థిని సైతము త్రోసివేయక యందఱును ఉదారులే యనియున్నది. క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో నానాటి యాహారమును గూర్చిన మనవి యున్నది. కావున నడుగుట దోషము కాదు. కడుపు నిండినవాడు ఆకలిగొన్నవాని ప్రార్థనను దూలనాడుట సులభమే గాని, న్యాయము కాదు.

ఈ విషయమున మన తెలుగునాటనే యొక నిదర్శన మున్నది. 1876 మొదలు 1878 వఱకు ఘోరమైన కఱవు వచ్చినప్పుడు ఒంగోలున నుండిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో గొంతభాగమును ద్రవ్వించు పనిని గుత్తకు దీసికొని వేలకొలది బీదలకు గూలి కల్పించెను. ఆ దినములలోనే బాప్తిస్మము గోరి జనము గుంపులుగా వచ్చిరి. అన్నముకొఱకు వచ్చిరో, దేవునికొఱకు వచ్చిరో తెలియదని తలచి యాయన యేడాదికి బైగా బాప్తిస్మము లియ్యక నిలిపివేసెను. కఱవుసాయము ముగిసినది. ఇక నిచ్చుట కేమియు లేదని తెలిసియు వారు మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినముననే 2,222 మందికి బాప్తిస్మ మీయబడెను. ఒకడు గుమ్మమునొద్దకు వచ్చిన కారణమును, లోపల నిలిచిపోయిన కారణమును ఒక్కటే కానక్కఱలేదని మే మిందువలన గ్రహించితిమి. ఆకలి వారిని నడిపించి తెచ్చి యుండవచ్చును; ఆకలి తీరిన పిదప వచ్చినవారి నేది తెచ్చినది?

అట్లయిన బూర్ణహృదయ మనగా నేమి? కన్నీరు గార్చుటయా? గొంతు చించుకొని పాడుటయా? హెబ్రీభాషలో హృదయ మను మాట యావేశమును మాత్రమే గాక బుద్ధిని, సంకల్పమును గూడ జెప్పును. కనుక పూర్ణహృదయముతో వెదకుట యనగా, నిర్ణయములు చేయు మన లోపలి మనిషిని మినహాయింపు లేక దేవుని యెదుట నిలుపుట. ఈ మినహాయింపులయందే మన కష్టమంతయు నున్నది.

మా సంగతియే చెప్పెదము. మా తమ్ముడు ఉప్పలులో గాపురమున్నాడు. తండ్రిగారి కడపటి దినములలో సేవ చేసినవాడు, వైద్యమునకై యప్పు చేసినవాడు నతడే. తండ్రిగారి యనంతరము ఊరి యిల్లు అమ్మినప్పుడు, ఆ యప్పు ప్రస్తావన రానీయక మేము సరిసగము దీసికొంటిమి. ఎవరును మమ్ము దప్పుపట్టజాలరు, కాగితము మా పక్షముననే యున్నది. నాలుగేండ్లు మాటలు లేవు. ఆ నాలుగేండ్లును మే మొక్క ఆదివారమును దప్పలేదు, దశమభాగమును దప్పలేదు. ఒకనాడు, బలిపీఠమునొద్ద అర్పణ నుంచి ముందుగా బోయి సహోదరునితో సమాధానపడుమన్న క్రీస్తుబోధను జదివిరి. ఆ మాటలు మేము బడిపిల్లలకు సైతము వివరించి చెప్పినవే. అయినను లేవక, కానుకసంచి రాగా గానుక వేసి, కడవఱకును గూర్చుండి, ఇల్లు చేరితిమి. నాచారమునకు ఉప్పలు రెండు క్రోసులైన లేదు. ఆ దూరము నడచుటకు మాకు మఱి మూడు వారములు పట్టినది.

తలుపు దీసి తమ్ముడు “రా అన్నా, కూర్చో” అన్నాడు. అంతకుమించి యా పూట నేమియు ననలేదు. అప్పులో మా వంతు తీర్చుటకు నెలనెల కొంత యిచ్చుచున్నాము. మునుపటి చనువు మరల రాలేదు. వచ్చునో రాదో చెప్పజాలము.

ఈ మినహాయింపులు ఒక్కరివి మాత్రమే కావు. 1903వ సంవత్సరమున పంజాబులో సిక్కు కుటుంబమున బుట్టి, హైదరాబాదు హెబ్రోనులో బహుకాలము పరిచర్య చేసి, 2000వ సంవత్సరము సెప్టెంబరు 17న గతించిన భక్తసింగుగారి పెద్దకూటములలో నానాకులములవారును చాపలపై గూర్చుండి కలసి భుజించెడివారు. కలసి భుజించుట యారాధనకు అనుబంధము కాదు, ఆరాధనలోనిదే. మఱి ఆదివార మొకే చాపపై గూర్చుండి, సోమవారము బిడ్డకు సంబంధము వెదకునప్పుడు మొట్టమొదట గుల మడుగు మన సంఘీయులు ఏ హృదయమును దేవుని కర్పించినట్లు? ఆ యొక్క గది తాళము మనయొద్దనే యుంచుకొంటిమి గదా!

అట్లయిన నీతియే చాలును, ఆరాధన యెందుకని చదువరు లడుగవచ్చును. ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. దేవుని పేరెత్తకయే తమ్మునికి న్యాయము చేయువా రెందఱో కలరు, వారికి మేము నమస్కరింతుము. మాకు మాత్రము న్యాయ మేదియో నాలుగేండ్లనుండియు దెలిసియే యున్నది. తెలిసినంత మాత్రమున గాళ్లు కదలలేదు. మాలో మేమే వాది, మేమే వకీలు, మేమే న్యాయాధిపతియునై యున్నంతకాలము తీర్పు మాకే యనుకూలమయ్యెను. మా వాదమునకు లొంగని యొకని సన్నిధిని వారమువారము గూర్చుండుటచేతనే యా తీర్పు నిలువలేకపోయినది.

దేవుని వెదకుట దూరపు యాత్ర యని మే మనుకొంటిమి. కాని మొదటి యడుగు హబ్సిగూడ మీదుగా ఉప్పలునకు బోవు బాటయందు వేయవలసి వచ్చినది. చదువరులలో బ్రతివారికిని అట్టి బాట యొకటి యుండును. అది యెవరి గుమ్మమునకు బోవునో వారికి దెలియును.