రెండు గడుల నడుమ

కదిరి నుంచి మదనపల్లెకు పోయే దారిలో నల్లచెరువు తగులుతుంది. ఆ మధ్య అక్కడొక ఇంటి అరుగు మీద బడిపిల్లవాడు నోటుబుక్కులో నిలువుగా గీత కొట్టి, ఒక పక్క ‘నీడ్స్’ అని, ఇంకో పక్క ‘వాంట్స్’ అని రాసుకున్నాడు. నీళ్లు, అన్నం, ఇల్లు మొదటి గడిలో. సెల్‌ఫోను, సైకిలు రెండో గడిలో. ఈ రెండింటికీ తెలుగేమని అవ్వనడిగితే, శెనక్కాయలు ఒలుస్తున్న ఆమె తలెత్తకుండానే అనింది: “రెండూ కావల్ల అనేదే కదా నాయనా!”

అవ్వ మాట తీసిపారేసేది కాదు. దప్పికైనవాడు నీళ్లు కావాలంటాడు, కారున్నవాడు ఇంకో కారు కావాలంటాడు. అక్కర, అవసరం, ఆశ, కోరిక అని మనకు మాటలు లేక కాదు. గుళ్లో చేతులు జోడించేసరికి నోట మిగిలేది ‘కావాలి’ ఒక్కటే. ఆ మాటకొస్తే ఇంగ్లీషు కూడా మొదట్లో ఇంత తెగేసి చెప్పలేదు. ‘వాంట్’కు పాత అర్థం కోరడం కాదు, లేకపోవడం. బైబిలు 23వ కీర్తనలో ఆ మాట ఉన్నచోట మన తెలుగులో ‘లేమి’ అని కనిపించేది అందుకే. కోరికకు లేమి అని పేరున్న రోజుల్లో దాన్ని ఈసడించడం అంత సులువు కాకపోయి ఉంటుంది.

కదిరి దగ్గరే కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. ఒంటి మీద బట్టను కూడా అక్కర గడిలోంచి కొట్టేసినవాడిగా జనం ఆయన బొమ్మ గీసుకున్నారు. అందరూ వేమనలు కాలేరు, కానక్కర్లేదు కూడా. పుట్టపర్తి సత్యసాయిబాబా ‘సీలింగ్ ఆన్ డిజైర్స్’ అన్నారు: డబ్బు, అన్నం, కాలం, శక్తి వృథా చేయొద్దని. నిండిన ఇళ్లకు అది మంచి మాట. గొంతెండిన అనంతపురం పల్లెలకు మాత్రం ఆయన ట్రస్టు ఇచ్చింది ఉపదేశం కాదు, నీళ్లు. 1995 నాటి ఆ పథకంతో ఏడు వందలకు పైగా ఊళ్లకు తాగునీరు చేరింది. ఎవరికి ఏది ఇవ్వాలో తెలియడమే ఇందులో నాకు నచ్చింది. వాన మొహం చాటేసి చేను ఎండిన ఏడు, కూతురికి కమ్మలు చేయించాలనుకునే తండ్రితో ఆశలు తగ్గించుకోమనడానికి నాకైతే నోరు రాదు. ఆ కమ్మలు ఏ గడిలోవో ఆయనకే తెలియాలి.

ఒలిచిన గింజల్ని చాటలోకి తోసి, అవ్వ ఇప్పుడు తలెత్తింది.

“పాల్గుణంలో కదిరి నరసింహస్వామి తేరు మీద దవనమూ మిరియాలూ చల్లుతాం కదా, వాటిని యాడ రాస్తివి?”

పిల్లవాడు రెండు గడులూ చూసుకున్నాడు. పెన్సిలు కొస కొరుక్కుంటూ నడిమి గీత దగ్గరే ఆగిపోయాడు.