ఎండిన యేటి త్రోవ



మన సూళ్లూరుపేట ప్రక్కను పారు కాళంగి నది అక్టోబరు, నవంబరు వానలకు నిండి పులికాటు సరస్సులో కలియును. వేసవిలో ఇసుకయే మిగులును. ఆ ఇసుక త్రోవను గొఱ్ఱెలను తోలుకొనిపోవు కాపరిని చూడుడి. అతని కుక్క వెంట నడచును. ఏటిలో నీరున్నదా లేదా అని అది విచారింపదు; యజమానుని విడువదు.

యోబు 6వ అధ్యాయములో ఆ భక్తుడు తన స్నేహితులను ఎడారి వాగుతో పోల్చెను. తేమా, షేబ వర్తకులు నీళ్లుండునని నమ్మి వచ్చి, ఎండిన వాగును చూచి కలవరపడిరి. ఆ స్నేహితులు 7 దినములు అతనితో నేలను ఊరక కూర్చుండిరి, అది మంచిదే. పిమ్మట నోరు తెరచి, ఓదార్చుటకు బదులు నేరము మోపిరి.

మనమును అట్టివారమే కాదా? పంట పండిన యింటికి విందుకు పోవుదుము. అప్పులపాలైన సహోదరుని గుమ్మము తప్పించుకొని పోవుదుము. మన ప్రభువు మనలను అట్లు విడువలేదు. మన నిమిత్తము సిలువవరకు నడచెను.

కావున ఈ మాసమున ఎవరి యేరు ఎండినదో వారి యింటికి వట్టి చేతులతోనైనను పోవుదము. తీర్పు చెప్పక ప్రక్కను కూర్చుందము. మాటలు రాని కుక్క చేయు పాటి పని మనము చేయలేమా? ప్రభువు మనకు తోడైయుండును గాక. ఆమేన్.