లేడిపిల్లని కాపాడటం తప్పా?

ఈ వారం వీడియోలో జడభరతుడి కథ చెప్పుకున్నాం కదా. దాన్ని ఎడిట్ చేస్తున్నంతసేపూ నాకు నా సొంత కథే గుర్తొచ్చింది.

మా నానమ్మకి చూపు తగ్గుతోంది. "విష్ణు సహస్రనామం ఫోన్‌లో పెద్ద అక్షరాలతో కనపడేలా చెయ్యరా" అంది. ఒక్క శనివారం పని. మొదలుపెట్టాను. ఆడియో కూడా ఉంటే బాగుంటుందనిపించి పెట్టాను. ఫ్రెండ్స్ చూసి రిమైండర్ అడిగారు. తర్వాత లాగిన్, ఎన్నిసార్లు చదివారో లెక్క, నాలుగు భాషలు. ఆఫీసులో దీన్ని స్కోప్ క్రీప్ అంటాం. క్లయింట్ చేస్తే విసుక్కుంటాం. ఇక్కడ క్లయింటూ నేనే. ఆరు నెలలు గడిచిపోయాయి. ఈలోగా నానమ్మ భూతద్దంతోనే చదువుకుంది. చివరికి ఫోన్ చేతికిస్తే, "ఈ ఓటీపీ ఏంట్రా? నామాలేవీ?" అంది.

భాగవతం పంచమ స్కంధంలో భరతుడు రాజ్యం వదిలి గండకీ తీరానికి వెళ్ళింది తపస్సు కోసం. అక్కడ నీళ్ళలో పడిన లేడిపిల్లని కాపాడాడు. అది తప్పా? కళ్ళముందు కొట్టుకుపోతుంటే చూస్తూ జపం చేసుకుంటేనే తప్పయ్యేది. తర్వాత దానికి గడ్డి పెట్టాడు, కాపలా కాశాడు, కనపడకపోతే కంగారుపడ్డాడు. ఒక్కో నియమం జారిపోయింది. ప్రాణం పోయేటప్పుడూ దాని ధ్యాసే. మరుజన్మలో లేడిగా పుట్టాడు. విడిగా చూస్తే ఏ ఒక్క అడుగూ తప్పులా కనపడదు. నన్ను భయపెట్టేది అదే.

అంటే మొదట అనుకున్నది అస్సలు దాటకూడదా? అలా అనడానికీ నాకు నోరు రావట్లేదు. ఇప్పుడు నానమ్మకి పెద్ద అక్షరాలు కూడా కనపడటం లేదు. రోజూ పొద్దున్నే తను వినేది ఆ ఆడియోనే, తను అడక్కుండా నేను చేర్చిందే.

మరి తేడా ఎక్కడుంది? పూజకి ముందు సంకల్పంలో కాలం, చోటు, గోత్రం, పేరు, ఎందుకు చేస్తున్నామో అన్నీ చెప్పుకుంటాం. పనిలో కొత్తది చేర్చే ప్రతిసారీ ఆ సంకల్పం మళ్ళీ ఒకసారి చెప్పుకోవాలేమో: ఇది ఎవరి కోసం మొదలుపెట్టాను, ఇప్పుడు చేర్చేది వాళ్ళకి పనికొస్తుందా? ఆడియో నానమ్మ కోసం. మిగతావన్నీ, నిజం చెప్పాలంటే, నలుగురూ "భలే చేశావ్" అనడం కోసం.

లాగిన్ తీసేశాను. కానీ నానమ్మ కళ్ళతో చదువుకోగలిగిన ఆ ఆరు నెలల్ని మాత్రం తిరిగి ఇవ్వలేను.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.