మళ్ళీ ప్రారంభ గీత దగ్గరికి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... ఎక్కడ వింటున్నా, ఒకప్పుడు ప్రాణంగా ఆడి వదిలేసిన ఆట మీకూ ఒకటి ఉండే ఉంటుంది.

అలాంటి ఆటే ఆటోక్రాస్. అందులో కోన్‌ల మధ్య కారు గడియారంతో పోటీపడుతుంది. కోన్ పడితే సెకన్లు కలుపుతారు. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చినవాడు స్టీరింగ్‌ను బిగించి పట్టుకుని, దగ్గరి కోన్‌నే చూస్తాడు. నాలుగు రౌండ్లు తిరిగితే పట్టు సడలుతుంది, చూపు రాబోయే మలుపును అందుకుంటుంది.

ఇలా తిరిగొచ్చినవారు ఫార్ములా వన్‌లోనూ ఉన్నారు. అక్కడ 2005లో కారు నడిపిన నరేన్ కార్తికేయన్ 2011లో మళ్ళీ వచ్చారు. 1979లో మానేసిన నికీ లౌడా 1982లో తిరిగొచ్చి, 1984లో అర పాయింటు తేడాతో ప్రపంచ విజేత అయ్యారు.

విరామం ఓటమి కాదు. అటక మీది హెల్మెట్ దించి దుమ్ము దులపండి. నిన్నటి మీకంటే ఒక్క సెకను ముందుంటే చాలు.