దాహముతో వచ్చిన ప్రాణి

భువనగిరి సీమను తడుపుచు పోవు మూసీనది వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. ఆ సంగమమున అగస్త్యేశ్వరుడును లక్ష్మీనరసింహస్వామియు వెలసియున్నారు. అచటినుండి కృష్ణవెంట ఎగువకు పోయినచో నాగార్జునసాగరము, దానికావల నల్లమల. జలాశయపు నీరు వెనుకకు తగ్గిన దినములలో ఒడ్డువెంట లేతపచ్చిక మొలచును. దుప్పులు, కణుజులు, అడవిపందులు, నెమళ్లు ఆ పచ్చికకును నీటికిని వచ్చును. వాని వెనుక చిరుతయు పెద్దపులియు వచ్చును. 1978లో ఈ అడవి అభయారణ్యముగా ప్రకటింపబడి, 1983లో పులుల సంరక్షణ పథకమున చేరినది. రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణమునకు వచ్చిన భాగము అమ్రాబాదు పేర పిలువబడుచున్నది.

ఈ అడవిలోని ఫర్హాబాదు నిజాము ప్రభువుల కాలమున వేటవిడిది. నేడు అచటికే జనులు మృగములను చూచుటకై వాహనములలో పోవుచున్నారు. చోటు మారలేదు, మృగమును మారలేదు. తుపాకి పోయి కెమెరా వచ్చినది. ఇంతమాత్రమున పాపము పుణ్యమైనదా?

వేట వేరు, చూపు వేరు అని తేలికగా చెప్పివేయవచ్చును. కాని ఇరువురును కాచుకొని కూర్చుండునది నీటియొడ్డుననే. ఏలయన, అడవిలో ఎచట దాగిన ప్రాణియైనను దాహమువేళ అచటికి రాక తప్పదు. సరయూతీరమున చీకటిలో దశరథుడు పొంచియుండినది నీరు త్రాగవచ్చు అడవిదున్నకొరకో, ఏనుగుకొరకో. కుండ మునుగు సవ్వడి విని బాణము విడిచెను. కూలినవాడు తల్లిదండ్రుల దాహము తీర్చుటకు వచ్చిన మునికుమారుడు. ఈ కథను సాధారణముగా ఒక పొరపాటుగా చెప్పుదురు. పొరపాటు గురిలో మాత్రమే యున్నదా? బాణము ఏనుగుకే తగిలియున్నచో దశరథునికి శాపము లేకపోవచ్చును గాని, దాహమును ఉచ్చుగా చేసికొన్న దోషము అప్పుడును ఉండెడిది. కామమువలన రాజులకు గలుగు పది వ్యసనములను చెప్పుచు మనువు మృగయనే మొట్టమొదట నిలిపినాడు.

అట్లని వేటాడినవారినందరిని ఒక్క గాట గట్టరాదు. తిన్నడు వేటాడి తెచ్చిన మాంసమునే కాళహస్తీశ్వరునికి నివేదించెను. ధర్మవ్యాధుడు మిథిలలో మాంసము విక్రయించుచునే కౌశికునకు ధర్మము బోధించెను. ఆకలికి చేయునదియు ఆటకు చేయునదియు ఒక్క తూనికరాతితో తూగవు. నల్లమల చెంచులు తరతరములుగా ఆ అడవిపై బ్రదికినవారు. చెంచులక్ష్మిని చేపట్టిన నరసింహుని తమ యింటి అల్లునిగా తలచువారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదట అనుమతిపత్రముతో కొన్ని జంతువుల వేటను సమ్మతించినది. 1991 నాటి సవరణ ఆ వినోదపు వేటను తొలగించినది. ఆ నిషేధము చెంచునకును వర్తించును. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవివాసులకు నీటివనరులలోని చేపలపై సామూహికహక్కును గుర్తించి, వేటను మాత్రము స్పష్టముగా మినహాయించినది.

ఇందువలన ఆకలికి కుందేలును పట్టినవాడు నేరస్థుడు. వినోదమునకు రుసుము చెల్లించి వచ్చినవాడు అతిథి. పులి బ్రదుకుటకు ఈ నియమము అవసరమే కావచ్చును. కాని దాని బరువు ఎవరి భుజముపై పడినదో ఆ అతిథికి తెలిసియుండుట న్యాయము. అతని కన్నులపండువకు వెల చెల్లించినది అతని రుసుము మాత్రమే కాదు. తాతలనాటి అలవాటును మానుకొన్న మరియొకని కడుపు కూడ.

ఇక చేప మాట. కృతమాలా నదిలో సత్యవ్రతుని దోసిట పడిన చిన్నచేప పెద్దచేపలకు వెరచి శరణు కోరినదని భాగవతము చెప్పును. చేప అరవదు, కనుక జాలి పుట్టదు. ఇది చేపయందలి కొరత కాదు, వినువాని చెవియందలి కొరత. ఇంటికి నాలుగు చేపలు కొనిపోవు జాలరిని ఇందులకు నిందింపనక్కరలేదు. ప్రొద్దుపోక గాలము వేసి, చేపను పైకి లాగి, ఫోటో తీయించుకొని మరల నీట విడుచువానిని మాత్రము అడుగవచ్చును: ఆ పెనుగులాటలో నీకు గలిగిన ఆనందమేమి?

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములున్నవి. పూర్వరాజులు వేటతో గూడిన విహారయాత్రలు చేసెడివారనియు, తాను పట్టాభిషిక్తుడైన పదియవ యేట ధర్మయాత్రకు బయలుదేరితిననియు ఆ చక్రవర్తి చెక్కించెను. తన వంటశాలలో వెనుక లక్షలసంఖ్యలో ప్రాణులు చంపబడెడివనియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే యనియు, ఆ లేడియు ప్రతిదినము కాదనియు, మున్ముందు అవియు ఉండవనియు మరియొకచోట చెప్పినాడు. రాజు తన వంటింటి లెక్కను బండపై కెక్కించుట! పూర్తిగా మానివేసితినని కాక, ఇంకను మానలేదని చెప్పుకొన్న ఆ సత్యసంధత పెక్కు ప్రతిజ్ఞలకంటె మిన్న.

విహారము ధర్మయాత్ర యగుటకు తుపాకి వదలుట చాలునా? తమసాతీరమున స్నానమునకు పోయిన వాల్మీకి క్రౌంచమిథునమును చూచినాడు, నిషాదుడును చూచినాడు. మహర్షి ఆ పక్షులనుండి ఏమియు కోరలేదు. కావుననే ఒకటి కూలినప్పుడు ఆయనకు అంతటి శోకము గలిగినది. నేడు చూడబోవువాడు మృగమునుండి ఏదో కోరుచునే యున్నాడు. అది దగ్గరకు రావలెను, తలయెత్తి నిలువవలెను. వేసవి సాయంకాలమున వాహనము నీటికిని దుప్పికిని నడుమ నిలిచినచో దుప్పి పొదచాటున ఆగిపోవును. లోపలివారు మంచి ఫోటో కొరకు మరికొంతసేపు ఉందమందురు. ఆ కొంతసేపు దుప్పికి నీరు లేదు.