నడివయస్సున సరళీస్వరములు

ద్వారకా నగరమందలి పౌర గ్రంథాలయమునకు పుస్తకములకై నేను ఏండ్ల తరబడి పోవుచున్నవాడను. ఇప్పుడు వారమునకు రెండు సాయంకాలములు ఆ వీధులలోనే వేఱొక పనికై తిరుగుచున్నాను. నలువదినాలుగవ యేట పాట నేర్చుకొనుచున్నాను. నా గురువునకు ఇరువదిరెండేండ్లు.

“ఈ వయస్సున నేర్చి యే సభలో పాడెదవయ్యా?” అని మిత్రులు పరిహసింతురు. తెల్లవాఱుజామున సముద్రతీరమున నడచు పెద్దమనుష్యుని, ఏ పందెమునకని మనమడుగము. పాటకే యీ ప్రశ్న యేల? గానము సభకొఱకే యను భావము మనలో నాటుకొనుటచేతనే కదా! ఆడపిల్లకు పెండ్లిచూపులకై నాలుగు కీర్తనలు నేర్పించి, పెండ్లియైన పిమ్మట వీణను అటకకెక్కించుటయు ఈ భావము ఫలమే. నాతోడి విద్యార్థులలో నొక మామ్మగారు కలరు. పదునేడవ యేట ఆగిన పాఠమును మనుమలు పుట్టిన పిమ్మట మరల నందుకొన్నారు. ఆమె గొంతు నా గొంతుకంటె త్వరగా దారికి వచ్చినది. నాకు కొంచెము కష్టముగనే యున్నది.

మాయామాళవగౌళలో మనము మొదట పాడు సరళీస్వరములను పురందరదాసు కూర్చెనని సంప్రదాయము. ఆయన వర్తకుడై ధనమార్జించి, దానిని విడిచిన పిమ్మటనే దాసరి యయ్యెనని కూడ చెప్పుదురు. పిల్లల మొదటి పాఠము పెద్దవయస్సున పాటకు వచ్చినవాని చేతిదన్న మాట.

చెడుగా పాడుట విద్యకు అపచారము కాదా యను నాక్షేపణ మాత్రము బలమైనది. ఇరుగునగల విజయనగరమున 1919లో సంగీత కళాశాల నెలకొన్నది. ఆదిభట్ల నారాయణదాసుగారును, 1936 మొదలు ద్వారం వేంకటస్వామినాయుడుగారును దానికి అధ్యక్షులైరి. అట్టివారి నాదమెఱిగిన సీమలో నా నిషాదము వినదగినది కాదు. ఒప్పుకొందును. అందుచేతనే తలుపు వేసికొని పాడుచున్నాను.

మొదటి నెలలో గురువుగారు పాఠము నాపి, “మాస్టారూ, మీరు పాడుతున్నారు గాని వినడం లేదు” అన్నది. నేను నివ్వెరపోతిని. మన గొంతు మనకు ఎముకల ద్వారమునను వినబడును గనుక, ఇతరులు విన్నట్లు మనము వినజాలమని శాస్త్రజ్ఞులందురు. కాని నా తప్పు ఎముకలది కాదు. దినమెల్ల ఏబదిమంది పిల్లలయెదుట మాటాడి, తప్పన్నవాడు లేక పెరిగిన గొంతిది. ఆమె నన్ను మౌనముగా శ్రుతిని విననిచ్చి, పిదప షడ్జమ మొక్కటే పాడుమన్నది. కలియనపుడు రెండు నాదములనడుమ నొక వణకు పుట్టును. కలిసినపుడు అది యణగును. ఆ వణకును విని, సిగ్గుపడి పారిపోక, అక్కడనే నిలుచుట పెద్దవారికెంత కష్టమో నాకపుడు తెలిసినది.

ఇరువదియేండ్ల క్రిందట ప్రార్థనవేళ శ్రుతి తప్పి గట్టిగా పాడు బాలునొకని పిలిచి, “నువ్వు పెదవులు కదుపు, చాలు” అంటిని. ఆనాడు బడికి తనిఖీ. బాలుడు విధేయుడు, బడి విడుచువఱకును పెదవులే కదిపెను. అది క్రమశిక్షణ యనుకొంటిని. నా గురువు నాతో ఒక్కనాడును అట్లనలేదు.

ఇప్పటి నా బడిలోను ముగ్గురు నలుగురు పిల్లలు శ్రుతి తప్పుదురు. ప్రార్థనకు వారిని నా ప్రక్కను నిలుపుకొని, వారితో పాడుచున్నాను.